చంద్రమతి చీర

మా చిన్నాన్న చంద్రమతి వేషం కడితే మా అరుంధతివాడలో ఏడవని ఆడమనిషి ఉండేది కాదు. కాటిసీనులో లోహితాస్యుణ్ణి ఒళ్ళో పెట్టుకుని పద్యం ఎత్తుకుంటే, ఊళ్ళోనించి వచ్చి దూరంగా మంచాలేసుకుని కూర్చున్న పెద్దకులాలవాళ్ళు కూడా 'వన్స్ మోర్' అని అరిచేవాళ్ళు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళల్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. 'చంద్రమతి' అనే పిలిచేవాళ్ళు. మీసం తీసేసి, ముఖానికి అర్దళం పూసుకుని, కాటుక దిద్దుకుంటే నిజంగానే రాణిలా ఉండేవాడు. కట్టుకునే చీర మాత్రం మా పిన్నమ్మది. ఆమె పెళ్ళిచీర. ఆమె పెట్టెలో ఉన్న ఒకే ఒక్క మంచి చీర.

1997 సంక్రాంతి అది. నాకు ఎనిమిదేళ్ళు. మూడో తరగతి చదువుతున్నా. కనుమ రాత్రి మా వాడలో 'సత్యహరిశ్చంద్ర' వేశారు. సగం చూసి అమ్మ ఒళ్ళో నిద్రపోయి, కాటిసీనుకి మళ్ళీ లేపించుకున్నాను. పిన్నమ్మ నా పక్కనే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దుగూకే వేళకి అదే పిన్నమ్మని చిన్నాన్న వాకిట్లోకి ఈడ్చి కొట్టాడు. చదివింపుల్లో వచ్చిన డబ్బుల్లో బియ్యానికి ఇరవై రూపాయలు అడిగిందట. అదీ ఆమె చేసిన నేరం. చెయ్యి విరిచాడు. ఆ చేతికి వెదురుబద్దల కట్టు కట్టించుకుని, కలుపుకి పోలేక నెల్లాళ్ళు ఇంట్లో కూర్చుంది.

ఆ రోజు చిన్నాన్న తాగి లేడు. అప్పటికింకా మద్యనిషేధం ఎత్తెయ్యలేదు. దొంగసారా దొరుకుతూనే ఉండేది గానీ ఆయన తాగలేదు. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఆడవాళ్ళ మీద పడే ప్రతి దెబ్బకీ తాగుడు మీద నెపం వేసి ఊరుకోవడం మా అందరికీ అలవాటు. రాత్రి అంతమందిని ఏడిపించిన గొంతే అది. కొడుకు శవాన్ని నిమిరిన చెయ్యే అది.

"అమా, రాత్రి చంద్రమతిని చూసి అందరూ ఏడ్సినారు గదా, ఇప్పుడు పిన్నమ్మని చూసి ఎవురూ ఏడవట్లేదేంది?" అని అడిగాను.

"రాత్రి చంద్రమతి ఉన్నింది. తెల్లారి చీర ఇప్పేసినాడు గదమ్మే" అంది అమ్మ.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. సాహిత్య ప్రయోజనం గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కళ మనిషి గుండెను మెత్తబరుస్తుందని చెప్తాను. చెప్పేటప్పుడల్లా ఆ వాకిలి గుర్తొస్తుంది. నాటకంలో ఆడదాని బాధని తన ఒంటిమీద వేసుకుని అనుభవించగలిగినవాడు ఇంట్లో ఆడదాని చెయ్యి ఎలా విరిచాడు? ఆ ఏడుపు అబద్ధమా? అబద్ధం కాదని నాకు తెలుసు. మరి నిజమైన ఏడుపు కూడా ఒక దెబ్బని ఆపలేకపోతే ఆ కళ ఎందుకు?

చాలా ఏళ్ళు ఇది చిన్నాన్న తప్పనే అనుకున్నాను. తర్వాత నాటకాన్ని పట్టి చూశాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్యహరిశ్చంద్ర'లో మాట ఇచ్చింది హరిశ్చంద్రుడు. అప్పు పడింది హరిశ్చంద్రుడు. ముందుగా కాశీలో అమ్ముడుపోయింది చంద్రమతి. సత్యం ఆయనది, ధర ఆమెది. మనం ఏడ్చేది కూడా చాలాసార్లు ఆమె అమ్ముడుపోయినందుకు కాదు, పాపం అంతటి రాజు పెళ్ళాన్ని అమ్ముకోవాల్సి వచ్చిందే అని. చివరికి మొగుడే కత్తి ఎత్తుతాడు. దేవుళ్ళు దిగొచ్చి ఆపుతారు. ఓర్చుకుంటే దేవుళ్ళొస్తారని మా ఆడవాళ్ళు ఏటేటా ఆ పందిరి కింద నేర్చుకున్నారు. మా పిన్నమ్మ వాకిట్లోకి ఏ దేవుడూ దిగిరాలేదు. ఆదివారం ఆమె మోకాళ్ళూని ప్రార్థించే ప్రభువు కూడా రాలేదు.

మా వాడ ఈ నాటకాన్ని ఎందుకంత ప్రేమించిందో కూడా చెప్పాలి. వీరబాహు ముందు చక్రవర్తి చేతులు కట్టుకుని నిలబడతాడు. మాలాంటివాడి దగ్గర రాజు కాటికాపరిగా ఊడిగం చేస్తాడు. ఊళ్ళో చెప్పులు చేతబట్టుకుని నడిచిన మా తాతలకి ఆ ఒక్క సీను చాలు, ఏడాదంతా తలెత్తుకోవడానికి. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఒకే నాటకం మా వాడలో సగం మందికి తల ఎత్తుకోమని చెప్పింది, మిగతా సగం మందికి తల దించుకోమని చెప్పింది. ఆ రెండో సగం గురించి మా సంఘాల్లో ఎవరూ మాట్లాడలేదు.

ఆడవేషం మగవాడు కట్టడం ఒక్క మా వాడ సంగతి కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిస్తే ఆ నడక చూసి ఆడవాళ్ళే నేర్చుకోవాలన్నారు. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. గొప్ప నటుడు, కాదనను. కానీ ఆడది ఎలా నడవాలో, ఎలా ఏడవాలో, ఎంతవరకు ఓర్చుకోవాలో మగవాడు నటించి చూపిస్తే, ఆడది అది చూసి నేర్చుకోవడమా! మా కులంలోనే తెలంగాణ చిందు వాళ్ళల్లో ఆడవాళ్ళు రంగం మీదికొచ్చారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆడవేషమే కాదు మగవేషం కూడా కట్టి, 2005లో చనిపోయేదాకా ఆటకే అంకితమైంది. అయితే ఆ పక్కపల్లెల్లోనే మా ఆడపిల్లల్ని జోగినులుగా వదిలేశారు. అది మానమని 1988లో చట్టమే చెయ్యాల్సి వచ్చింది. అంటే ఆడది పదిమందిలోకి రావడమే విముక్తి కాదు. ఎవరు తీసుకొచ్చారు, ఎందుకు తీసుకొచ్చారు, ఆమె నోట పలికే మాట ఎవరిది అని అడగాలి.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రతో తమని ఎగతాళి చేస్తున్నారని ఆర్యవైశ్యులు ఎన్నో ఏళ్ళుగా అడిగారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ అదే స్టేజీ మీద చింతామణి వేషం కట్టిన ఆడవాళ్ళు ఎన్ని బూతులు పడ్డారో, కిందనుంచి ఎన్ని ఈలలు భరించారో ఎవరూ అర్జీ పెట్టలేదు. కులం పరువుకి అడిగేవాళ్ళున్నారు. ఆ ఆడవాళ్ళ పరువుకి అడిగేవాళ్ళు లేరు.

బి.ఇడి. చదివేటప్పుడు గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' నా చేతికొచ్చింది. 1921 నుంచీ దళిత స్త్రీలు రాసినవన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం. హాస్టల్లో లైటు తీసేశాక వరండాలో కూర్చుని చదివాను. అప్పటిదాకా మా ఆడవాళ్ళ గురించి ఇతరులు రాస్తారని తెలుసు గానీ మావాళ్ళే ఇంతమంది రాశారని తెలియదు. అంతకుముందు చదివిన స్త్రీవాద కవిత్వం నాకు ధైర్యం ఇచ్చింది. అయితే అందులోని వంటిల్లు నాకు పరాయిదే. మాకు వంటిల్లని వేరే గది ఎక్కడిది! మూడు రాళ్ళు వాకిట్లోనే ఉండేవి. మా ఆడవాళ్ళ వంటా, పురుడూ, తన్నులూ అన్నీ అందరి కళ్ళముందే జరిగేవి.

ఆ పుస్తకం ఇచ్చిన వేడితో ఉద్యోగంలో చేరాక ఒక నాటిక రాశాను. 2019 మార్చి 8న మహిళా దినోత్సవానికి మా బడిలో ఆడపిల్లలతో వేయించాను. తాగొచ్చి కొట్టే తండ్రి, దెబ్బలు తినే తల్లి, చదువుకుని తల్లిని కాపాడే కూతురు. తల్లి పాత్రకి రెండు పేజీల డైలాగు రాశాను. బాగా రాశానని నాకు గర్వంగా ఉండేది. తల్లి వేషం కట్టే పదో తరగతి పిల్ల రిహార్సల్లో మధ్యలో ఆగిపోయి, "టీచర్, మా అమ్మ ఇట్టా అనదు" అంది.

"మరి ఏమంటది?"

"ఏం అనదు టీచర్. అన్నం పెడద్ది."

ఆ రెండు పేజీలూ కొట్టేశాను. నాటికలో ఆ పిల్ల దెబ్బలు తిన్న తల్లిగా లేచి, ముఖం తుడుచుకుని, కంచం కడిగి, కొట్టినవాడి ముందు పెట్టి అన్నం వడ్డించింది. రెండు నిమిషాలు ఒక్క మాట లేదు. మూడు వందల మంది జనంలో చీమ చిటుక్కుమన్నా వినపడేది.

అయిపోయాక ఒక సహోద్యోగి వచ్చి, "మీ వాడల్లో జరిగేదంతా కళ్ళకి కట్టినట్టు చూపించారు టీచర్" అని మెచ్చుకున్నాడు. 'మీ వాడల్లో' అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పు నాది కూడా. నేను తాగుబోతు నోట్లో మా వాడ యాసే పెట్టాను. నాకు తెలిసింది అదే కాబట్టి. ప్రహరీగోడలున్న ఇళ్ళలో దెబ్బలు బయటికి వినపడవు. మా ఇళ్ళకి గోడలే సరిగా లేవు కాబట్టి అన్నీ వినపడతాయి. వినపడినంత మాత్రాన మా దగ్గరే ఉన్నట్టా?

ఆ వారమే మా వాడ సంఘం పెద్ద ఒకాయన నన్ను నిలేశాడు. నన్ను చదివించమని మా నాయనకి చెప్పిన మనిషి, నాకు గౌరవం ఉన్న మనిషి. "అమ్మాయ్, బయటోళ్ళు మనల్ని కొట్టింది చాలదా? లోపలి సంగతి కూడా వాళ్ళ ముందర పెట్టి నవ్వించాల్నా?" అన్నాడు. ఇది తీసెయ్యాల్సిన ప్రశ్న కాదు. కారంచేడు జరిగిన రాష్ట్రం మనది. 1985 జూలైలో చెరువు దగ్గర నీళ్ళు పాడుచెయ్యొద్దని అడిగి, కొట్టబోయినవాళ్ళ మీద బిందె ఎత్తిన సువార్తమ్మ ఒక మాదిగ ఆడమనిషి. ఆ బిందె దగ్గర మొదలైంది మన ఆత్మగౌరవ ఉద్యమం. బయటివాడి మీద బిందె ఎత్తిన ఆడమనిషికి మనం పాట కడతాం. ఇంట్లోవాడి మీద ఎత్తితే ఏం కడతాం? వాడ పరువు కోసం నోరు మూసుకోమంటే, ఆ పరువు మూట ఎవరి నెత్తిన పెట్టి మోయిస్తున్నట్టు? పిన్నమ్మ విరిగిన చేత్తో మోసింది అదే. ఆయనకి ఈ మాటే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. కానీ తర్వాత నాతో మాట్లాడటం మానలేదు.

ఇంతవరకు నేను గెలిచినట్టే ఉంది. అసలు సంగతి ఇప్పుడు చెప్తాను.

నాటిక అయిన మర్నాటినుంచి ఆ పిల్ల బడికి రాలేదు. నాలుగు రోజులు చూశాను. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఐదో రోజు వాళ్ళమ్మ వచ్చింది. కన్ను వాచి ఉంది. నాటికలో తననే చూపించారని, కూతురికి నువ్వే నేర్పి ఉంటావని ఆమెని కొట్టాడు. కూతుర్ని బడి మాన్పించాడు. ఆమె నన్ను తిట్టలేదు. స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, "నాటకం బాగుండిందంట టీచరమ్మా. నా సంగతి నలుగురికీ తెలిసింది. తెలిసినాక ఏం జేస్తారు మీరు?" అని మాత్రం అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. పెద్దసారు దగ్గరికి పోతే, "అందుకే చెప్పాను, దేశభక్తి గేయాలు వేయించమని" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హరిశ్చంద్రుణ్ణి ఇన్నేళ్ళు తప్పుబట్టాను. నేను చేసింది మాత్రం ఏంటి? సత్యం నేను చెప్పాను. చప్పట్లు నాకు పడ్డాయి. ధర ఇంకో ఆడమనిషి కట్టింది. అడిగి చెప్పానా? ఆమె మౌనాన్ని ఆమె కూతురి నోటినుంచి తీసుకుని, ఆమెకి చెప్పకుండా మూడు వందల మందికి చూపించాను. చిన్నాన్న పిన్నమ్మని అడక్కుండా చీర తీసుకున్నట్టే.

అమ్మకి చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు. "పాఠం చెప్పి వదిలేసినావు. మాకు రాత్రి బళ్ళో అట్టా వదల్లా" అంది.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో చదువుల ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటికలు వేశాయి. మా అమ్మ రెండేళ్ళ నన్ను చంకనేసుకుని లాంతరు కింద అక్షరాలు దిద్దింది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుబోతు మొగుడితో వేగే ఆడదాని కథ. నేను ఆ పాఠం గురించి గొప్పగా ఏదో అనబోతే అమ్మ అడ్డం కొట్టింది. పాఠం గొప్పది కాదంట. పాఠం అయినాక ఏం జరిగిందో అది గొప్పదంట. "మీ ఇళ్ళల్లో ఎట్టా ఉంది?" అని అడిగి, చెప్పిందాకా కూర్చునేవాళ్ళంట. ఒకామె మొదలుపెడితే అందరూ చెప్పారు. అందరూ చెప్పినాక అందరూ కలిసే లేచారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు రోశమ్మ ముందుండగా సారా అంగడి మూయించారు. జిల్లా అంతా అంటుకుంది. ఆడవాళ్ళు సారా వేలం పాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారనుకోండి, అది వేరే సంగతి.

"నాటకం అయినాక ఇంటికి పొమ్మంటారు. రాత్రి బళ్ళో పాఠం అయినాక ఉండమన్నారు. ఒక్కదాన్ని నిలబెడితే దెబ్బ ఒక్కదానికే పడద్ది మే. అందరం నిలబడితే ఎవురిని కొడతాడు?" అంది అమ్మ.

నేను ఎం.ఏ.లో చదివిన సాహిత్య విమర్శలో ఈ మాట నాకు దొరకలేదు.

మర్నాడు సాయంత్రం అమ్మా, పిన్నమ్మా, నేనూ ఆ పిల్ల వాళ్ళ వాడకి పోయాం. ముందు ఆ తల్లిని అడిగాం, రమ్మంటే వస్తాం, వద్దంటే పోతామని. ఆమె చాలాసేపు ఆలోచించి, కూర్చోండి అంది. ఇంటిముందు కూర్చున్నాం. పక్కిళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. పదకొండు మందయ్యారు. ఆయన వచ్చి అరిచాడు, తిట్టాడు, నా కులాన్ని కాదు గానీ నా ఉద్యోగాన్ని తిట్టాడు. ఎవరూ బదులు చెప్పలేదు, లేవలేదు. రాత్రి తొమ్మిదయ్యాక, "పిల్లని పంపిస్తా, పోండి" అన్నాడు. క్షమాపణ చెప్పలేదు. 2005లో వచ్చిన గృహహింస చట్టం గురించి, రక్షణాధికారి గురించి ఆమెకి చెప్పి ఫోన్ నంబరు రాసిచ్చాను. కేసు వద్దంది గానీ కాగితం బియ్యం డబ్బాలో దాచుకుంది. పిల్ల పరీక్షలు రాసింది. మూడు నెలలకి ఆయన మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పోయి కూర్చున్నాం. కథ సుఖాంతమైందని అబద్ధం చెప్పలేను.

2020 మార్చిలో మళ్ళీ నాటిక వేశాం. ఈసారి బళ్ళో కాదు, ఆ వాడలోనే. రిహార్సళ్ళకి తల్లులు వచ్చారు. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో వాళ్ళే చెప్పారు. ఒకామె తన సంగతి పెట్టొద్దంది, తీసేశాం. తండ్రిని తాగించొద్దన్నారు, తాగకుండానే కొట్టేవాడిగా పెట్టాం. నాటిక చివర రాయలేదు. అక్కడ ఆపి, 'ఇప్పుడేం చేద్దాం' అని జనాన్ని అడిగాం. మగవాళ్ళు కొందరు లేచిపోయారు. కొందరు ఉన్నారు. రెండు వారాలకే కరోనా వచ్చి అందర్నీ ఇళ్ళల్లో మూసేసింది. కొట్టేవాడితో ఒకే గదిలో మూసేస్తే ఆడమనిషి ఎక్కడికి పోతుందో లాక్‌డౌన్ పెట్టినవాళ్ళు ఆలోచించలేదు. ఆ రోజుల్లో మాకు మిగిలింది ఫోన్లు, అడ్డగోడల మీదనించి పిలుపులు. నాటిక దగ్గర పరిచయమైన ఆడవాళ్ళే ఒకళ్ళనొకళ్ళు పిల్చుకున్నారు.

ప్రాతినిధ్యం అనే మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో ఆడవాళ్ళకి సీట్లిచ్చింది. 2023లో చట్టసభల్లో మూడోవంతు సీట్లకి చట్టం చేశారు, జనాభా లెక్కలూ నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాకే అని షరతు పెట్టి. మంచిదే. కానీ ఎస్సీ మహిళకి రిజర్వయిన పంచాయతీల్లో ఎన్నిచోట్ల ఆమె పేరుతో మొగుడో, ఊరి పెద్దో సంతకం తప్ప మిగతావన్నీ చేస్తున్నాడో మనం చూస్తూనే ఉన్నాం. చంద్రమతి వేషం ఇంకా మగవాడే కడుతున్నాడు. చీర మాత్రం మనది.

చిన్నాన్న నాలుగేళ్ళ కిందట చనిపోయాడు. చివరి రోజుల్లో పక్షవాతమొస్తే పిన్నమ్మే అన్నం తినిపించింది. ఆయన పాడిన పద్యాలు నాకిప్పటికీ ఇష్టం. ఆయన్ని క్షమించానో లేదో నాకు తెలియదు. క్షమించాల్సింది నేను కూడా కాదు.

ఈమధ్య పిన్నమ్మని అడిగాను. "ఆ సంక్రాంతి రాత్రి కాటిసీనులో అంత ఏడ్చావు గదా, చంద్రమతి కోసమేనా?"

ఆమె నవ్వింది. "చంద్రమతి ఎవురికి గావాల మే? నా చీర చూసి ఏడ్సినా. పిన్నీసులు గుచ్చి గుచ్చి చిల్లులు పడిపోయింది. అర్దళం మరకలు పోలా. ఒక్కనాడన్నా కట్టుకుని గుడికి పోదామనుకున్యా."

పక్కనే కూర్చుని ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఏడుపుని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. తెలుగు టీచర్ని, నాటికలు రాసేదాన్ని. అందుకే ఇప్పుడు ఏదైనా రాసేముందు పోయి అడుగుతున్నాను. అడిగితే చెప్తున్నారు. వద్దన్నది వదిలేస్తున్నాను. ఈ వ్యాసం కూడా పిన్నమ్మకి చదివి వినిపించాకే పంపుతున్నాను. చెయ్యి విరిగిన సంగతి ఉంచమంది. ఎడంచెయ్యి అని కూడా రాయమంది.

ఎడంచెయ్యి.